కొత్త గ్లైడర్లో ముందు సీటు

వెంగళరెడ్డి సార్ పెద్దకర్మకు ఉదయగిరి వెళ్ళి వచ్చి వారం దాటింది. ఆ ప్రయాణపు అలసట ఇంకా ఒంట్లోనే ఉంది. ఆత్మకూరు నుంచి అదేమంత దూరం కాదు. ఉద్యోగం రోజుల్లో పొద్దున్నే పోయి పని చూసుకుని, సాయంత్రానికి తిరిగొచ్చి, కుళాయి నీళ్ళు పట్టి, నలుగురికి వండిపెట్టిన దారే. ఇప్పుడు బస్సు దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, తర్వాతి మెట్టుకు పోతున్నాను. వెనక నిలబడినవాళ్ళు ఏమీ అనరు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ.

భోజనాల దగ్గర సార్ గురించి చాలా మాటలు విన్నాను. ఏ ఎన్నికలో ఎవరిని నిలబెట్టాడు, ఏ మెట్టను ఏ సోలారు వాళ్ళకు లీజుకిచ్చాడు, చివరి రోజుల్లో ఎవరి చేతి నీళ్ళు తాగాడు. గ్లైడరు మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నా పక్క విస్తరి ముందు కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి, "అమ్మా, మీరు పెద్దాయనకు ఏమవతారు?" అని మర్యాదగా అడిగాడు. "ఒకప్పుడు ఆయన దగ్గర పని చేసినాను నాయనా" అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. ఇంజను లేని విమానంలో నేను ఆయన ముందు సీటులో కూర్చున్నాను. పప్పన్నం కలుపుకుంటున్న మనిషికి ఆ సంగతి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు. తెలిసినా చెప్పే ఓపిక లేదు. ఇంటికి వచ్చాక మాత్రం అది నన్ను వదలడం లేదు. కూర్చున్నచోటే కూర్చుని రోజుకు కొంచెం రాస్తున్నాను.

మాది దుత్తలూరు పైన మెట్ట ఊరు. గొర్రెల మీద బతికిన ఇల్లు. నాయన పేరు మాలకొండయ్య. తెల్లవారకముందే లేచి, దొడ్డి తడిక తీసేముందు పడమటి కొండ వైపు తిరిగి కాసేపు నిలబడేవాడు. మంచు ఎట్లా పరుచుకుంది, గాలి ఏ వైపు నుంచి ముక్కుకు తగులుతోంది, అంతా చూసుకున్నాకే మందను ఏ దిక్కుకు తోలాలో తేల్చుకునేవాడు. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. మా అవ్వ పొయ్యి దగ్గర జొన్నసంగటి గెలుకుతూ, మధ్యమధ్య పొగాకు కాడ విరిచి దవడన పెట్టుకుంటూ, తనలో తను ఏదో అనుకుంటూ ఉండేది. ఇల్లంతా ఒకటే వాసన: తడిసిన ఉన్ని, పెంటికలు, పాలు, పొగ. ఆత్మకూరులో మా పిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివిన మూడేళ్ళూ కుంకుడుకాయలతో ఎంత రుద్దుకున్నా ఆ వాసన నా తలలో ఉందనే అనుకునేదాన్ని. పక్క బెంచీ అమ్మాయి కిటికీ వైపు జరిగితే నా వల్లనేనేమో అని రోజంతా బాధపడేదాన్ని. ఇప్పుడు ఆ వాసన కావాలన్నా ఎక్కడా దొరకడం లేదు. మా ఊళ్ళో మందలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

డిగ్రీ అయిపోయి, సర్కారు పరీక్ష రాసి, ఫలితం కోసం ఇంట్లో కూర్చున్న రోజుల్లో వెంగళరెడ్డి సార్ మా ఇంటికి వచ్చాడు. మిలిటరీలో విమానాలు నడిపి వచ్చిన మనిషి. ఉదయగిరికి తూర్పున వాళ్ళకున్న మెట్టను చదును చేయించి, రేకుల షెడ్డు వేయించి, గ్లైడర్ల క్లబ్బు పెట్టాడు. ఆ మెట్ట మీదుగానే మా మంద రోజూ కొండ కిందికి పోయేది. సార్ దాన్ని ఆపడానికి రాలేదు. "గొర్రెలు మేస్తే గడ్డి పొట్టిగా ఉంటది, నాకు మంచిదే. పది గంటలకల్లా దాటిపొమ్మను" అన్నాడు నాయనతో. నాయన సరే అన్నాడు. గుంజకు ఆనుకుని నిలబడిన నన్ను చూసి, "ఈ అమ్మాయి చదువుకున్నదా?" అని అడిగాడు. పేరు పెంచలమ్మ, చదువు డిగ్రీ అని చెప్పాను. తర్వాత ఏ ఊళ్ళో ఏ పెద్దమనిషీ ఏ ఆడపిల్లనీ అడగని మాట అడిగాడు. "నీ బరువెంత?"

నాకు తెలియదు. ఎరువుల కాటా మీద నిలబెట్టి చూశారు, నలభై రెండు కిలోలు. గ్లైడరు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అని పుస్తకంలో రాసే పనికి నన్ను పెట్టుకున్నాడు. నెల తిరగకముందే ముందు సీటులో కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాడు. గ్లైడరుకు మరీ తేలికైన మనిషి కూడా పనికిరాదు, ముక్కు పైకి లేస్తుంది. అందుకని నా సీటు కింద పెన్నా ఇసుక నింపిన సంచి కట్టేవాళ్ళు. అప్పటికి ఉన్నది పాత గ్లైడరు, కర్ర రెక్కలకు గుడ్డ అతికించింది. మైదానం ఆ చివర లారీ ఇంజనుకు డ్రమ్ము బిగించి, దానికి కిలోమీటరు పొడవు ఇనప తీగ చుట్టారు. దాన్ని వించి అనేవాళ్ళు. ఉదయగిరి మెకానిక్కు మస్తాన్ వించి నడిపితే, తీగ చుట్టుకుంటూ గ్లైడర్ని గాలిపటంలా పైకి లాగేది. పైకి పోయాక తీగ వదిలేస్తాం. ఆ తర్వాత మనకున్నది గాలే. ఎండకు వేడెక్కి లేచే గాలి దొరికితే అందులో గద్దల్లా చుట్టుకుంటూ ఎక్కడం, దొరక్కపోతే దిగిరావడం. రెండేళ్ళలో నేను ఒక్కదాన్నే లేచి దిగడం కూడా అయింది. ఊళ్ళో మొదట చెవులు కొరుక్కున్నారు, తర్వాత మానేశారు. మా అవ్వ మాత్రం, "పైన ఆకలైతాదా?" అని అడిగింది.

కొత్త గ్లైడరు మద్రాసు రేవులో దిగి, పొడుగాటి లారీ మీద పెట్టెల్లో వచ్చింది. దాని కోసం సార్ ఎన్నో ఏళ్ళు ఉత్తరాలు రాశాడు. ఇద్దరు కూర్చునేది, దూరాలు పోవడానికి చేసింది. ఒక కిలోమీటరు ఎత్తునుంచి వదిలితే చాలు, గాలి సాయం లేకుండానే నలభై కిలోమీటర్లు జారుతూ పోతుందన్నాడు. పాతది అందులో సగం కూడా పోదు. రెండు రోజులు పట్టింది రెక్కలు బిగించడానికి. ఫైబరుతో చేసింది కాబట్టి ఎక్కడా మేకు లేదు, గుడ్డ లేదు, అతుకు కనబడదు. షెడ్డులో ఘాటుగా రంగు వాసన. నాయన మందను దాటించి వచ్చి, చెయ్యి గొంగడికి తుడుచుకుని, దాని ఒంటిని నిమిరి, "గుడ్డు మాదిరి ఉండాది" అన్నాడు. ఆదివారాలు నెల్లూరు నుంచి వచ్చే సభ్యులకు దాన్ని వెంటనే నడపాలని ఆశ. సార్ ఒప్పుకోలేదు. "కొత్త బండి. ముందు నా చేతికి అలవాటు కావాల. అయిదారు సార్లు నేను ఎగిరినాకనే మీరు. అందాకా ముందు సీట్లో పెంచలమ్మ. ముందు మీటర్లు తను చదవతాది, వెనక మీటర్లు నేను చూస్తా. రెండూ కలస్తా ఉండాయో లేదో తేలాల."

మొదటిసారి లేచింది పదకొండు గంటలకు. తీగ వదిలాక నాకు భయమేసింది, చప్పుడు లేక. పాతదాంట్లో గుడ్డ టపటపలాడేది, కర్ర కీచుమనేది, పక్కన మనిషి ఉన్నట్టే ఉండేది. ఇందులో గాలి సన్నగా ఈల వేసినట్టు తప్ప ఏమీ లేదు. ఇంకొకటి, కొత్తగా ఒక మీటరు కూత పెట్టేది. పైకి పోతుంటే కీ కీ మని తొందరగా, కిందికి పోతుంటే బొంగురుగా. సార్ వెనకనుంచి అడుగుతూనే ఉన్నాడు. "స్పీడెంత? ఎత్తెంత? ఎడమ రెక్క కింద ఏముండాది?" నేను చెబుతూనే ఉన్నాను. దిగేటప్పుడు, "నేల ఎంత దూరముందో నీ అంచనా చెప్తా ఉండు, నీ కన్నుకు సాధన కావాల" అన్నాడు. ఇరవై అడుగులు, పది, అయిదు అని లెక్క చెప్పాను. అయిదు అన్నప్పుడు ముక్కు మెత్తగా పైకి లేపాడు. చక్రం నేలకు తగిలిన సంగతి కూడా తెలియలేదు. దిగి ఆయన మస్తాన్ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ముఖం నిండా సంతోషం. అంత పెద్దమనిషి అట్లా నిలబడడం నేను అంతకుముందు చూడలేదు.

రెండోసారి కొండ మీదికి పోయాం. దానికి దారి చెప్పింది నాయన. "రెండు దాటినాక సముద్రం గాలి ఈడిదాకా వస్తాది. కొండకు తగిలి యాడికి పోతాది? పైకే ఎక్కతాది. అప్పుడు గద్దలు రెక్క ఆడించకుండా కొండ అంచునే పోతా ఉంటాయి. వాటెనక పో" అన్నాడు. అట్లాగే జరిగింది. పాతదాంట్లో అంత దూరం పోయే దమ్ము ఎప్పుడూ లేదు. ఈసారి దుర్గం గోడలు, కూలిన బురుజులు, కొండ మీది కోనేటి నీళ్ళు నా కాళ్ళ కింద నుంచి పోయాయి. కింద ఉదయగిరి ఇళ్ళు, గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళ వాకిళ్ళలో తెల్లటి చెక్క పొట్టు కుప్పలు. గంటన్నర పైనే ఉన్నాం. సార్ అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. నాకు నేర్పుతున్నాడనే అనుకున్నాను.

మూడోసారి ఒక గద్ద మా ఎత్తుకే వచ్చి, కుడి రెక్క చివరకు బారెడు దూరంలో మాతో పాటే పోయింది. మెడ తిప్పి నన్ను చూసింది. "సార్, చూడండి" అన్నాను. "ఆఁ, చూసినా" అన్నాడు. తర్వాత అటువైపే గ్లైడర్ని వంచాడు. గద్ద చటుక్కున కిందికి రాలి తప్పించుకుంది. "సార్, గద్ద" అన్నాను మళ్ళీ. "పోయిందిలే" అన్నాడు. గద్దల్ని ప్రాణంలా చూసుకునే మనిషి. చూసి ఉంటే అట్లా వంచడు.

ఆ తర్వాత నేను చూడడం మొదలుపెట్టాను. పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు నేను వేలు పెట్టిన చోటే పెడుతున్నాడు. షెడ్డులో కొత్తగా ఏదైనా అడ్డం పెడితే దానికి తగులుకుంటున్నాడు. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే మాకందరికీ భోజనం. ఆయన భార్య కామాక్షమ్మగారు అన్నం వడ్డిస్తూ ఎప్పుడూ, "పప్పు కుడిపక్కన వేసినా, వేపుడు దాని పైన, నీళ్ళు ఎడమపక్క" అని చెప్పేది. రెండేళ్ళుగా వింటున్నాను. పెద్దింటివాళ్ళ మర్యాద అట్లా ఉంటుంది కాబోలు అనుకున్నాను. ఆరోజు ఆమె చెప్పిన వరసలోనే సార్ వేళ్ళు పప్పుకు, వేపుడుకు పోవడం చూశాను. ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను తల వంచుకుని తిన్నాను.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్ళలో నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. పెద్దమనిషి పరువని, జాలి అని చాలా సాకులు చెప్పుకున్నాను. నిజం అది కాదు. చెబితే కొత్త గ్లైడరు షెడ్డులోకి పోతుంది. తర్వాత ఇంకెవరో పైలటు వస్తాడు, ముందు సీట్లో నెల్లూరు డాక్టరో ప్లీడరో కూర్చుంటాడు. గొర్రెలోళ్ళ పెంచలమ్మను మళ్ళీ ఎవరూ బరువు అడగరు. ఆ సీటు నాకు కావాలి. అందుకని నోరు మూసుకుని, ఇంకా తొందరగా, ఇంకా వివరంగా చెప్పడం నేర్చుకున్నాను. ఆయన అడగకముందే స్పీడు చెప్పేదాన్ని. ఎడమన ఊరు, కుడిన చెరువు, ముందు మబ్బు. నాలుగోసారి అంతా అట్లా గడిచిపోయింది. బాగానే జరుగుతోంది కదా అనుకున్నాను.

అయిదోసారి దూరం పోదామన్నాడు. కొండ అంచు పట్టుకుని ఉత్తరానికి పోయి, తిరిగి రావాలని. పోయేటప్పుడు గాలి బాగుంది. వచ్చేటప్పుడు తూర్పున మబ్బు కమ్మి, సముద్రం గాలి చచ్చిపోయింది. కూత మీటరు బొంగురు గొంతు ఆపలేదు. కొండను వదిలి మా మైదానం వైపు తిరిగాం గానీ, దుత్తలూరు దరిదాపులకు వచ్చేసరికి ఇక చేరలేమని నాకు తెలిసిపోయింది. ఆయనకూ తెలిసింది. "పొలంలో దిగుదాం. దున్నిన చేను ఏదైనా ఉందా?" అన్నాడు. అది తప్పు కాదు, గ్లైడర్లు అట్లా దిగుతూనే ఉంటాయి. "ఎడమన నల్లగా ఒక చేను ఉండాది సార్" అన్నాను. ఆయన అటు తిప్పాడు. కిందికి పోయేకొద్దీ నాకు కనబడింది. చేనుకు అడ్డంగా రాతి కూసాలు, వాటికి ముళ్ళతీగ. కొత్తగా పాతినవి, నల్లమట్టి మీద బూడిదరంగులో వరసగా.

"సార్, కూసాలుండాయి. వద్దు. కుడిపక్క బీడులోకి పోదాం."

"కూసాలేం లేవు. దున్నిన చేనే అది."

"ఉండాయి సార్. వరసగా ఉండాయి."

"నేను చూస్తా ఉండా గదా. నువ్వు స్పీడు చెప్పు."

స్పీడు చెప్పలేదు. గ్లైడర్ని తిప్పే స్టిక్కు ఇద్దరి ముందూ ఒక్కొక్కటి ఉంటుంది, ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది. నేను కుడికి నెట్టాను. ఆయన బలం ఎక్కువ, ఎడమకే పట్టుకున్నాడు. కూసాల మీద వాలిన కాకులు కూడా కనబడుతున్నాయి నాకు. "సార్, మీకు కనపడడం లేదు. నాకు తెలుసు. ఇయ్యండి" అన్నాను. అరవలేదు. ఒక్క క్షణం గడిచింది. తర్వాత స్టిక్కు నా చేతిలో తేలికైపోయింది.

కుడికి తిప్పాను. బీడు చిన్నది, చుట్టూ కంపచెట్లు. రెక్కల మీది బ్రేకులు మొత్తం తెరిచి దించాను. చక్రం నేలకు తగిలింది, పరిగెత్తింది. ఆఖర్న ఎడమ రెక్క చివర కంపలో చిక్కుకుని, గ్లైడరు గిర్రున అడ్డం తిరిగింది. తోక దగ్గర టప్పుమని చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. దుమ్ము, దూరంగా ఎవరిదో మంద అరుపు. అద్దపు మూత తీసి ఆయన్ని దిగమన్నాను. నుదురు చీరుకుపోయి రక్తం కారుతోంది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. "ఎంత దెబ్బ?" అన్నాడు. "తోక పగిలింది సార్" అన్నాను. రెక్క మీద చెయ్యి ఆనించి, తడుముకుంటూ తోకదాకా నడిచి, పగులు పొడవునా వేళ్ళతో చూసుకున్నాడు. ఇక దాచుకోవాల్సిన పని లేదన్నట్టు తడుముకున్నాడు. కూసాల చేను మాకు వంద గజాల దూరంలో ఉంది. దాని సంగతి నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

మస్తాన్ జీపేసుకుని వచ్చేసరికి చుట్టుపక్కల జనమంతా చేరారు. "ఏమైంది సార్?" అని అడిగాడు. సార్ నా వైపు తిరగకుండా, "అమ్మాయి భయపడింది. నేను దించతా ఉంటే స్టిక్కు గుంజుకునింది" అన్నాడు. అందరూ నన్ను చూశారు. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా బరువెక్కి, ఆ బీడులోనే కూర్చుండిపోవాలనిపించింది. ఆ బరువు కొంచెం ఇప్పటికీ దిగలేదేమో అని అప్పుడప్పుడు అనుకుంటాను.

నేను ఇల్లు చేరేలోపే మాట మా ఊరు చేరింది. మాలకొండయ్య కూతురు విమానం పగలగొట్టింది అని. నాయన మందను దొడ్డికి తోలి, కాళ్ళు కడుక్కుని, నా ముందు కూర్చున్నాడు. "నువ్వు పగలగొట్టినావా?" అని ఒక్క మాట అడిగాడు. "అవును నాయనా. పగలగొట్టకుంటే ఇద్దరం పోయుంటాం" అని, మొదటినుంచీ అంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "గద్ద అంత దగ్గరికొస్తే కనపడలేదంటే ఎప్పుడో పోయుంటాయి కండ్లు" అన్నాడు. "తెలిసి కూడా మళ్ళీ ఎందుకెక్కినావు?" అన్నాడు. మళ్ళీ ఆయనే, "రేపు పోయి ఆ అమ్మకు చెప్పు. ఆయనకు చెప్పమాక, ఆయన ఇనడు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఉదయగిరి పోయి, వాళ్ళ వంటింటి గడప దగ్గర నిలబడి కామాక్షమ్మగారికి చెప్పాను. ఆమె తిరగమాత వేస్తోంది. ఆవాలు చిటపటలాడడం ఆగేదాకా ఆగి, దించి, "నాకు తెలుసు పెంచలమ్మా" అన్నది. "రెండేండ్లయింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. కొత్తది వస్తే ఒక్క నాలుగుసార్లు ఎగిరి మానేస్తానన్నాడు. ముందు సీట్లో నువ్వుండావని నేను ఊరుకున్నా. నీ కండ్లు మంచివి గదా."

నాకు ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నన్ను నా తెలివి చూసి ఎక్కించారని రెండేళ్ళు గర్వపడ్డాను. నా కళ్ళను ఎక్కించారు, నలభై రెండు కిలోల ఒంటితో సహా. "నేను చచ్చిపోయుంటే మా నాయనకు ఏం చెప్పేవాళ్ళమ్మా?" అని అడిగాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కూర్చో, రెండు ముద్దలు తిను" అన్నది. నేను తినలేదు. వచ్చేస్తుంటే వసారాలో పడక్కుర్చీలో సార్ ఉన్నాడు, నుదుటికి కట్టుతో. నా అడుగుల చప్పుడు విని తల తిప్పాడు. "ఎవరది?" అన్నాడు. నేను పలకలేదు. పలకకుండా మెట్లు దిగి వచ్చేశాను. ఈ మొత్తంలో నేను చేసిన తప్పు ఏదని అడిగితే, నాలుగోసారి ఎక్కడం ఒకటి, ఇది ఒకటి.

ఆ తర్వాత అంతా తొందరగా అయిపోయింది. కామాక్షమ్మగారు షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకుంది. సార్‌ను మద్రాసు తీసుకుపోయి చూపించింది. కంటి నరాలు ఎండిపోయాయి, ఇంక చేసేదేమీ లేదన్నారట. గ్లైడర్ని ఎవరో దూరప్రాంతం వాళ్ళు కొనుక్కుని, బాగుచేయించుకుని తీసుకుపోయారు. వాళ్ళు సార్ ద్వారా ఒక కబురు పంపారు, ముందు సీటు అమ్మాయి వస్తే పైలటు పని నేర్పి పెట్టుకుంటామని. ఆ కబురు మస్తాన్ తెచ్చాడు. రెండేళ్ళకు పైగా నానిన నా పరీక్ష ఫలితం అదే వారం వచ్చింది. ఆత్మకూరు ఆఫీసులో ఉద్యోగం. నాయన పొమ్మనలేదు, వద్దనలేదు. నేనే ఉద్యోగంలో చేరాను. పెళ్ళి, పిల్లలు, ఫైళ్ళు. కుర్చీ కింద ఇసుక సంచి అవసరం లేకుండానే అన్నేళ్ళూ కూర్చున్నాను. మళ్ళీ ఎగరలేదు. ఎగరాలని కూడా అనుకోలేదని చెబుతుంటాను. మధ్యాహ్నం రెండు దాటాక ఆఫీసు కిటికీలోనుంచి తూర్పు గాలి కాగితాలు ఎగరేసినప్పుడు, అందరికంటే ముందు నేనే లేచి కిటికీ మూసేదాన్ని.

ఇప్పుడు ఆ మెట్టంతా నల్లటి సోలారు పలకలు. పెద్దకర్మ నుంచి వస్తూ ఆటో ఆపించి చూశాను. కంచె లోపలినుంచి కాపలా మనిషి వచ్చి, ఫోటోలు తీయగూడదన్నాడు. తియ్యనని చెప్పాను. పక్క చేలో డ్రోనుతో మందు కొడుతున్నారు. గట్టు మీద నిలబడిన పిల్ల ఒకతి, నా అప్పటి వయసే ఉంటుంది, చేతిలో పెట్టె పట్టుకుని దాన్ని నడుపుతోంది. ఎవరూ ఆగి చూడడం లేదు. అది మంచిదే. మమ్మల్ని చూడడానికి మూడు ఊళ్ళు వచ్చేవి, పడితే నవ్వడానికి నాలుగు ఊళ్ళు. ఆ పిల్ల పడే భయం లేకుండా నేల మీదే నిలబడి పని చేసుకుంటోంది. నాకు అసూయ కలగలేదు. నిలబడి చూసే ఓపిక లేక ఆటో ఎక్కాను.

సార్‌ను ఆఖరిసారి చూసింది మాత్రం పెద్దకర్మకు చాలా ఏళ్ళ ముందు, ఆత్మకూరు బస్టాండులో. ఆఫీసు నుంచి ఇంటికి పోతున్నాను. బెంచీ మీద నల్లకళ్ళద్దాలతో, చేతికర్రతో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తోడు వచ్చినతను టీకి పోయాడట. పక్కనుంచి వెళ్ళిపోవచ్చు. ఒకసారి అట్లా పోయినదాన్నే. ఈసారి ఆగి, "బాగుండారా సార్" అన్నాను.

"పెంచలమ్మ గదా" అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా. "కూర్చో." కూర్చున్నాను. నాయన గురించి అడిగాడు. పోయాడని చెప్పాను. కామాక్షమ్మగారికి మోకాళ్ళ నొప్పులని చెప్పాడు. "మళ్ళీ ఎగిరినావా?" అన్నాడు. లేదన్నాను. ఎందుకని అడగలేదు. బస్సులు వచ్చిపోతున్నాయి, కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. ఆయన కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పిడి మీద రెండు చేతులూ వేసి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చూస్తూ మాట్లాడాడు.

"ఆరోజు ఆ కూసాలు నాకు కనపడినాయి పెంచలమ్మా. నువ్వు ఎప్పుడు అందుకుంటావా అని చూస్తా ఉన్నా. నేర్చుకునేవాళ్ళకు అట్టాంటిది ఒకటి పడాల. బాగా దించినావు. నేనైనా అంత బాగా దించేవాణ్ణి కాదు."

ఆయన ముఖం వైపు చూశాను. గడ్డం సరిగా గీసుకోలేదు, దవడ కింద రెండు చోట్ల తెల్ల వెంట్రుకలు మిగిలిపోయాయి. స్టిక్కు వదలని ఆ బలమైన చెయ్యి నాకు గుర్తుంది. బీడులో జనం ముందు అన్న మాట కూడా గుర్తుంది. ఎదురు చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగానే ఉంది. అన్నేళ్ళూ అది అక్కడే ఉంది.

"అవును సార్. నాకు అప్పుడే తెలిసింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. తోడుమనిషి టీ తాగి వచ్చాడు, ఉదయగిరి బస్సు కూడా వచ్చింది. ఎక్కించడానికి మోచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకోలేదు. మెట్టు దగ్గర ఆగాడు. "ఎత్తుగా ఉండాది సార్, రెండు జానలు" అన్నాను. ఆయన కాలెత్తి సరిగ్గా రెండు జానల ఎత్తున పెట్టి, లోపలికి పోయాడు.